చిమ్నీ లేని ఇంట్లో కట్టెల స్టవ్: పెట్టవచ్చు సరే, పెట్టాలా?

బ్రిటన్‌లో గత యాభై అరవై ఏళ్లలో కట్టిన ఇళ్లలో చాలావాటికి చిమ్నీ లేదు. ఉత్తర సముద్రం అడుగున దొరికిన గ్యాసు 1967 నుంచి గొట్టాల్లో ఒడ్డుకు చేరింది. ఆ తరవాత ఇంటింటికీ బాయిలర్, గదిగదికీ రేడియేటర్ వచ్చాయి. బొగ్గు పొయ్యిల అవసరం తీరిపోయింది. అక్కరలేని చిమ్నీకి ఇటుకా కూలీ దండగని బిల్డర్లు కట్టడం మానేశారు. ఇప్పుడు అవే ఇళ్లలో ఉంటున్నవాళ్లు మళ్లీ నిప్పు వైపు చూస్తున్నారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధరలు ఆకాశాన్నంటినప్పుడు కట్టెల స్టవ్‌లకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. గాజు తలుపు వెనక మొద్దులు మండే ఇనుప పెట్టె మీద మోజు ఇప్పటికీ తగ్గలేదు. రీడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో కొత్త కాలనీలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికైనా, పక్కింటి ఇంగ్లిష్ కుటుంబానికైనా ప్రశ్న ఒకటే: చిమ్నీ లేని ఇంట్లో కట్టెల స్టవ్ పెట్టుకోవచ్చా? ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. పెట్టడం సాధ్యమా అన్నది మొదటిది, పెట్టడం తగునా అన్నది రెండోది. మొదటిదానికి ఇంజనీర్లు ఎప్పుడో జవాబు చెప్పేశారు: సాధ్యమే. రెండోదాని దగ్గరే పేచీ. ఆధారాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: ఇల్లు ఎంత బాగా కట్టి ఉంటే కట్టెల స్టవ్ అందులో అంత ఇమడదు. ఇప్పటి ఇంటికున్న మంచి గుణాలే ఈ స్టవ్‌కు అడ్డుపడతాయి.

ముందు సాధ్యాసాధ్యాల సంగతి చూద్దాం. కట్టెల స్టవ్ అంటే గదిలో కనిపించే ఇనుప పెట్టె ఒక్కటే కాదు. అసలు పని చేసేది పొగగొట్టం. వేడెక్కిన పొగ బయటి గాలి కన్నా తేలిక కాబట్టి గొట్టంలో పైకి పోతుంది. అది పోతూ పోతూ కింద ఖాళీ చేసిన చోటికి గదిలోని గాలి పొయ్యిలోకి చొరబడుతుంది. ఆ గాలితోనే కట్టె మండుతుంది. పొగను పైకి లాగే ఈ బలం ఎంతో చిన్నది. మామూలు స్టవ్‌కు కావలసింది పన్నెండు పాస్కల్‌ల తేడా, అంటే వాతావరణ పీడనంలో ఎనిమిది వేలో వంతు. అంత సన్నని బలం నిలబడాలంటే గొట్టానికి తగిన ఎత్తు ఉండాలి, లోపలి పొగ చివరిదాకా వేడిగా ఉండాలి. స్టవ్ నుంచి గొట్టం కొస దాకా కనీసం నాలుగున్నర మీటర్లు ఉంచమని ఇంగ్లండ్ నిర్మాణ నిబంధనల మార్గదర్శకం చెబుతుంది. పొగ మధ్యలో చల్లబడితే లాగుడు తగ్గుతుంది. అందులోని తారు ఆవిరి గొట్టం గోడలకు నల్లటి జిగురుగా పట్టుకుంటుంది. ఆ జిగురు ఎప్పుడో ఒకనాడు అంటుకుంటే గొట్టం లోపలే మంట లేస్తుంది. పొగగొట్టం లేకుండా కట్టెల స్టవ్ పెట్టడం కుదరదన్నది మొదట ఒప్పుకోవాలి. ఇంట్లో ఇటుక చిమ్నీ లేకపోవచ్చు గానీ, ఆ పనంతా చేసే మరో గొట్టం లేకుండా పొయ్యి వెలిగించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఆ మరో గొట్టమే ఇప్పుడు అందరూ వాడే రెండు పొరల స్టీలు గొట్టం. లోపల ఒక స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం, బయట ఇంకొకటి, రెంటి మధ్య వేడిని ఆపే దట్టమైన మెత్త. దాని మీద అంటించిన పట్టీలో ఉండే అక్షరాలూ అంకెలూ చదవడం వస్తే ఇంటివాళ్లకు సగం విషయం తెలిసినట్టే. టీ450 అంటే 450 డిగ్రీల సెల్సియస్ పొగను నిత్యం తట్టుకుంటుందని. ఎన్1 అంటే లోపలి పీడనం బయటికన్నా తక్కువగా ఉండే పద్ధతికి, అంటే పొగ తనంతట తాను పైకి లేచే పద్ధతికి సరిపోతుందని. జీ50 అంటే మసి అంటుకుని మంట లేచినా తట్టుకుంటుందని పరీక్షించారని, అయితే చెక్కకూ మండే మరే వస్తువుకూ 50 మిల్లీమీటర్ల దూరం తప్పనిసరని. చివరి అంకె దగ్గరే ప్రాణం ఉంది. కొత్త ఇళ్లలో అంతస్తుల మధ్య చెక్క దూలాలు ఉంటాయి, అటక నిండా చలిని ఆపే మెత్తలు పరిచి ఉంటాయి. గొట్టం వాటి మధ్య నుంచి పోతున్నప్పుడు ఆ 50 మిల్లీమీటర్ల ఖాళీని ఎవరో మెత్తతో నింపేస్తే, కొన్నేళ్లపాటు కాగి కాగి ఎండిన దూలం ఒక రాత్రి రాజుకుంటుంది. స్టవ్ నుంచి మొదలయ్యే ఒంటిపొర గొట్టమైతే మరీ జాగ్రత్త కావాలి. మధ్యలో రక్షణ పలక లేకపోతే మండే గోడకు దాని వ్యాసానికి మూడింతల దూరంలో ఉంచాలి. 150 మిల్లీమీటర్ల గొట్టమైతే 450 మిల్లీమీటర్లు.

గొట్టం ఏ దారిన పోవాలన్నది తరవాతి సంగతి. గోడకు కన్నం పెట్టి బయటి నుంచి పైకి తీసుకుపోవడం తక్కువ పని. పై అంతస్తు గదిని పాడుచేయనక్కరలేదు కాబట్టి చాలామంది దానికే మొగ్గుతారు. కానీ చలికాలమంతా బయట నిలబడ్డ గొట్టం తొందరగా చల్లబడుతుంది, లాగుడు తగ్గుతుంది, తారు పేరుకుంటుంది. ఇంటి లోపలి నుంచి నిటారుగా కప్పు దాటించడమే మేలైన దారి. అలా చేస్తే పడకగదిలో ఒక మూల గొట్టం చుట్టూ గాలి ఆడే పెట్టె కట్టి, అంతస్తు దాటే చోట మంటను ఆపే పలక బిగించాలి. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది, ఏ వంపూ 45 డిగ్రీలు మించకూడదు. గొట్టం కప్పు వెన్ను దగ్గర బయటికి వస్తే వెన్నుకు కనీసం 600 మిల్లీమీటర్ల పైకి లేవాలి. వాలు మీద వస్తే కప్పు తలానికి అడ్డంగా 2.3 మీటర్ల ఎడం ఉండాలి, పైగా కప్పు దాటిన చోటికి కనీసం ఒక మీటరు ఎత్తుకు పోవాలి, లేదా వెన్నుతో సమానమవ్వాలి. లేకపోతే కప్పు మీద సుడి తిరిగే గాలి పొగను వెనక్కి నెడుతుంది. స్టవ్ కింద మండని పీఠం కావాలి. పీఠాన్ని 100 డిగ్రీలు మించి వేడెక్కించదని పరీక్షలో తేలిన స్టవ్‌కు 12 మిల్లీమీటర్ల మందం చాలు, అలా తేలనిదానికి 125 మిల్లీమీటర్ల గట్టి పీఠం కట్టాలి. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. పని చేసేవాళ్లు హెటాస్ వంటి సంస్థలో నమోదై ఉంటే వాళ్లే ధ్రువపత్రం ఇస్తారు, కాకపోతే స్థానిక సంస్థ అధికారి వచ్చి చూడాలి. ఆ కాగితం లేకపోతే ఇల్లు అమ్మేటప్పుడు, బీమా సొమ్ము అడిగేటప్పుడు చిక్కులొస్తాయి. అపార్ట్‌మెంట్లలో పైవాళ్ల ఇళ్ల మీదుగా గొట్టం పోవాలి కాబట్టి ఆ ఆలోచన దాదాపు అక్కడే ఆగిపోతుంది.

ఇవన్నీ కష్టమైనవే గానీ చేయలేనివి కావు. నేర్పున్న మేస్త్రీ రెండు మూడు రోజుల్లో బిగించగలడు. కొన్ని వేల పౌండ్లు ఖర్చవుతుంది, స్టవ్ కన్నా గొట్టానికే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. సాధ్యమా అన్న ప్రశ్న ఇక్కడితో ముగుస్తుంది. చాలా వ్యాసాలూ అమ్మకపు కరపత్రాలూ కూడా ఇక్కడే ఆగిపోతాయి. అసలు ఆలోచించవలసింది ఇక్కడి నుంచి మొదలవుతుంది, ఎందుకంటే నిబంధనల పుస్తకం గొట్టం సంగతి పూర్తిగా చెబుతుంది గానీ, ఆ ఇంటికి ఆ నిప్పు తగునా అని అడగదు.

మొదటి పేచీ గాలితో. పాత ఇళ్లలో కిటికీ సందుల నుంచి, నేల పలకల మధ్య నుంచి గాలి దూరేది. చలి వేసినా పొయ్యికి కావలసిన గాలి అందేది. ఇప్పటి ఇంటిని కట్టేదే ఆ సందులు మూయడానికి. గాలి ఎంత కారుతోందో ఫ్యాను పెట్టి కొలిచి మరీ అప్పగిస్తారు. అలాంటి బిగువైన ఇంట్లో స్టవ్ పెడితే ప్రతి కిలోవాట్‌కూ 550 చదరపు మిల్లీమీటర్ల చొప్పున ఎప్పుడూ తెరిచి ఉండే కన్నం పెట్టాలని ఇంగ్లండ్ మార్గదర్శకం చెబుతుంది. ఐదు కిలోవాట్ల స్టవ్‌కు అది 2,750 చదరపు మిల్లీమీటర్లు, అంటే గోడలో ఒక్కో వైపు ఐదు సెంటీమీటర్లకు పైగా ఉండే చదరపు కన్నం. వేలు పోసి మూయించిన ఇంటికి, చలి లోపలికి రావడానికి మనమే దారి తీస్తున్నామన్నమాట. బయటి గాలిని గొట్టం ద్వారా నేరుగా స్టవ్ అడుగుకే ఇచ్చే పద్ధతి దీనికన్నా మెరుగు. అయినా తలుపు తీసి కట్టె వేసేటప్పుడు పొయ్యి గదితో కలిసిపోతుంది. ఆ క్షణంలో వంటింటి ఫ్యాను తిరుగుతుంటే? హైదరాబాద్, విజయవాడల్లో మాడ్యులర్ కిచెన్‌లో బిగించే చిమ్నీ కూడా ఇలాంటి ఫ్యానే, దానికీ పొగను సహజంగా పైకి లాగే గొట్టానికీ సంబంధం లేదు. బిగువైన ఇంట్లో ఈ ఫ్యాను గదిలోని గాలిని బయటికి తోస్తే, పన్నెండు పాస్కల్‌ల లాగుడు దాని ముందు నిలవదు. గొట్టంలో పైకి పోవలసిన పొగ కిందికి దిగుతుంది. పొగైతే కళ్లు మండి తెలుస్తుంది. మొద్దులు కాలిపోయి నిప్పులు మిగిలిన వేళ వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు.

రెండో పేచీ వేడితో. ఐదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తున్న హాలు ఘనపరిమాణం 48 ఘనపు మీటర్లు. బాగా మెత్తలు వేసిన ఇంటికి ఘనపు మీటర్లను 25తో భాగించాలన్నది ఈ వృత్తిలో వాడుకలో ఉన్న లెక్క. అంటే రెండు కిలోవాట్లు చాలు. బజారులో దొరికే చిన్న స్టవ్‌లలో ఎక్కువ భాగం నాలుగైదు కిలోవాట్లవి. పూర్తిగా మండిస్తే అరగంటలో గది ఉడికిపోయి కిటికీలు తెరవాల్సి వస్తుంది. అందుకని గాలి మూత తగ్గించి మంటను అణిచిపెడతారు. అసలు కీడు ఇక్కడ జరుగుతుంది. గాలి చాలని కట్టె మండదు, కుమిలిపోతుంది. కుమిలే కట్టె పొగ, తారు, సన్నని నుసి అన్నీ ఎక్కువగా వదులుతుంది. గొట్టం చల్లబడుతుంది, మసి పడుతుంది. స్టవ్ ఎంత మంచిదైనా, అవసరానికి మించిన స్టవ్ చెడ్డ స్టవ్‌లాగే పని చేస్తుంది. దీనికి జర్మనీ, ఆస్ట్రియా, ఫిన్లాండ్ దేశాలవాళ్లు ఎప్పుడో మార్గం కనిపెట్టారు: టన్నుకు పైగా బరువుండే ఇటుక లేదా రాతి పొయ్యిని ఒక్కసారి గట్టిగా మండించి ఆరిపోనిస్తారు, ఆ రాయి పట్టుకున్న వేడి పూటంతా నెమ్మదిగా గదిలోకి వస్తుంది. తెలివైన పద్ధతే. కానీ దానికి పునాది కావాలి, కట్టేటప్పుడే ఇంటి నడుమ చోటు వదలాలి. చిమ్నీ లేకుండా కట్టి అప్పగించిన ఇంట్లో తరవాత దూర్చగలిగింది కాదు.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, ఊపిరి సంగతి. తలుపు మూసి ఉన్నంతసేపూ పొగ గొట్టంలోకే పోతుందని, గదిలోని గాలికి ఏమీ కాదని చాలామంది నమ్మకం. షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని ప్రయోగశాలలో గాక మనుషులు ఉండే 19 ఇళ్లలో కొలిచి 2020లో ప్రచురించారు. అవేవీ పాత పొయ్యిలు కావు, పొగ నియంత్రణ ప్రాంతాల్లో వాడవచ్చని ప్రభుత్వం అనుమతించిన రకాలు. అయినా స్టవ్ వెలిగించిన వేళల్లో ఇంటిలోపలి సన్నని నుసి, అంటే పీఎం 2.5, వెలిగించని వేళల కన్నా సుమారు మూడు రెట్లుంది. కారణం కూడా వాళ్లకు దొరికింది. కట్టె వేయడానికి తలుపు తీసిన ప్రతిసారీ నుసి గదిలోకి కట్టలు తెంచుకున్నట్టు వచ్చింది. గంటకోసారి తలుపు తీయకుండా కట్టెల స్టవ్ నడవదు కాబట్టి, ఇది వాడుకలో లోపం కాదు, ఆ వస్తువు స్వభావం. పీఎం 2.5 అంటే మన వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు ఉండే కణాలు. ముక్కూ గొంతూ వాటిని ఆపలేవు. ఊపిరితిత్తుల అడుగుకు, అక్కడి నుంచి నెత్తురులోకి పోతాయి. ఏడాది సగటున ఘనపు మీటరుకు పది మైక్రోగ్రాములు మించవద్దని 2005లో చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, కొత్త ఆధారాలు చూశాక 2021లో ఆ గీతను ఐదుకు దించింది. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు, భారతదేశం నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అత్తమామలు, వీళ్లే చలికాలపు సాయంత్రాలు ఆ గదిలో ఎక్కువసేపు కూర్చునేది.

గొట్టం దాటిన పొగ మాయమైపోదు. అది వీధిలోనే ఉంటుంది, పక్కింటి కిటికీ దాకా వస్తుంది. ఈ పాఠం లండన్ ఎంతో ఖరీదు చెల్లించి నేర్చుకుంది. 1952 డిసెంబరులో బొగ్గు పొగ మంచుతో కలిసి ఐదు రోజులు నగరాన్ని కమ్మేసినప్పుడు అప్పటి లెక్క ప్రకారమే నాలుగు వేల మంది చనిపోయారు. తరవాత పరిశీలించినవాళ్లు ఆ సంఖ్య పన్నెండు వేల దాకా ఉండవచ్చన్నారు. 1956 నాటి క్లీన్ ఎయిర్ చట్టం, పొగ నియంత్రణ ప్రాంతాలు దాని ఫలితమే. అలా శుభ్రపరచుకున్న గాలిలోకి ఇప్పుడు కట్టెల పొగ తిరిగి వస్తోంది. బ్రిటన్‌లో ఇళ్లలో కట్టెలో బొగ్గో కాల్చేవాళ్లు జనాభాలో పదో వంతు కూడా లేరు. కానీ దేశం నేరుగా గాలిలోకి వదిలే పీఎం 2.5లో దాదాపు ఐదో వంతు ఇళ్లలో కాల్చే కట్టెలు, బొగ్గు వంటివాటిదే. ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీ 2022 వార్షిక నివేదికను గాలి కాలుష్యానికే కేటాయించి ఇచ్చిన పోలిక మరీ నిక్కచ్చిగా ఉంది: అదే వేడికి గ్యాస్ బాయిలర్‌తో పోలిస్తే, కొత్త ప్రమాణాలకు సరిపోయే స్టవ్ కూడా 450 రెట్లు ఎక్కువ నుసి వదులుతుంది. పల్లెలో విడిగా ఉన్న ఇంటి పొగ పొలాల మీద చెదిరిపోతుంది. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న కొత్త కాలనీలో, గాలి కదలని చలిరాత్రి, అందరూ ఒకే వేళకు స్టవ్ వెలిగిస్తారు. ఎవరింటి పొగ వాళ్లింటి మీదే ఉండిపోదు.

పొగ తగ్గిస్తే మేలు జరుగుతుందా అన్నదానికి మంచి నిదర్శనం ఆస్ట్రేలియాలో, టాస్మేనియా ద్వీపంలోని లాన్సెస్టన్ పట్టణంలో ఉంది. కొండల నడుమ పల్లంలో ఉన్న ఆ ఊళ్లో ఒకప్పుడు మూడింట రెండు వంతుల ఇళ్లు కట్టెలతోనే వెచ్చబడేవి. 2001 నుంచి ప్రభుత్వం డబ్బిచ్చి వాటి స్థానంలో కరెంటు హీటర్లు పెట్టించింది, కట్టె సరిగ్గా కాల్చడం ఎలాగో ప్రచారం చేసింది. కట్టెలు కాల్చే ఇళ్లు మూడో వంతుకు లోపు తగ్గాయి. చలికాలపు గాలిలో నుసి, ఈసారి పది మైక్రాన్ల దాకా ఉండే పీఎం 10 కొలతలో, ఘనపు మీటరుకు 44 మైక్రోగ్రాముల నుంచి 27కు పడింది. 1994 నుంచి 2007 దాకా మరణాల నమోదును విశ్లేషించి 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన పరిశోధనలో, మగవాళ్ల మరణాలు ఏడాది మొత్తమ్మీద సుమారు 11 శాతం తగ్గినట్టు తేలింది. ఆడవాళ్లలో అంత స్పష్టమైన మార్పు కనిపించలేదు, ఒక్క ఊరి లెక్కతో అన్నీ రుజువు కావు. అయినా కట్టెల పొగ బొగ్గు పొగలాంటిది కాదు, ప్రకృతి సహజమైనది కాబట్టి హాని చేయదు అన్న వాదన దీని ముందు నిలవదు.

ఇప్పుడు ఎదుటివాదాలు. మొదటిది: స్టవ్‌లు చాలా మెరుగుపడ్డాయి, 2022 నుంచి అమ్మేవన్నీ ఎకోడిజైన్ ప్రమాణాలకు లోబడాలి కదా అంటారు. నిజమే. పాత ఓపెన్ పొయ్యితో పోలిస్తే వీటి పొగ ఎన్నో రెట్లు తక్కువ. ఉన్న పాత స్టవ్‌ను మార్చేవాళ్లకు ఇది సరైన వాదన. చిమ్నీ లేని ఇంట్లో కొత్తగా పెట్టేవాళ్లకు మాత్రం కాదు, ఎందుకంటే వాళ్లు పోల్చుకోవలసింది పాత పొయ్యితో కాదు, ఇప్పటిదాకా ఏ పొగా లేని తమ గదితో. పైగా ఆ ప్రమాణాన్ని పరీక్షించేది ప్రయోగశాలలో, సరిగ్గా ఆరబెట్టిన కట్టెతో, నిపుణుల చేతుల్లో. ఇంట్లో కట్టె తడిగా ఉంటుంది, రాత్రి పడుకోబోయే ముందు మూత బిగించేస్తారు. అప్పుడే నరికిన పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే. ఆ నీళ్లను ఆవిరి చేయడానికే మంట వేడి ఖర్చయిపోతుంది, మంట చల్లబడి పొగ చిక్కబడుతుంది. అందుకే ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి చిన్న మోపుల్లో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం మించకూడదని నిబంధన పెట్టారు. మంచి నిబంధనే గానీ, సొంతంగా తెచ్చుకున్న కట్టెను, పాత ఫర్నిచర్ ముక్కలను ఇంట్లోకి వచ్చి ఎవరూ కొలవరు.

రెండో వాదం వాతావరణం పేరు మీద వస్తుంది. చెట్టు పెరిగేటప్పుడు పీల్చుకున్న కార్బన్‌నే కాలేటప్పుడు వదులుతుంది, కాబట్టి లెక్క చెల్లు అంటారు. ఇందులో కాలాన్ని మరిచిపోతున్నాం. అంతే వేడినిచ్చే కట్టె, గ్యాసుతో పోలిస్తే పొగగొట్టం దగ్గర దాదాపు రెట్టింపు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గంటలో కాలిన మొద్దు తిరిగి పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. ఎలాగూ పడిపోయి కుళ్లిపోయే కొమ్మలను, దగ్గరి అడవిని సరిగ్గా చూసుకుంటూ కొట్టిన కట్టెను కాల్చితే లెక్క మెరుగ్గా ఉంటుంది. కానీ లక్షల ఇళ్లకు సరిపడేంత అలాంటి కట్టె ఎక్కడా లేదు. ఖర్చు వాదం కూడా ఇలాంటిదే. సొంత తోట, ఆరబెట్టే కొట్టం, కొట్టే ఓపిక ఉన్నవాళ్లకు కట్టె చౌక. ఐదు కిలోవాట్ల స్టవ్ గంటకు కిలోన్నరకు పైగా ఆరిన కట్టె తింటుంది. దాన్ని సంచుల లెక్కన కొనుక్కుంటూ, కట్టెలే కాల్చేచోట ఏడాదికి రెండుసార్లు గొట్టం తుడిపించుకుంటూ, మొదట పెట్టిన వేల పౌండ్లు తిరిగి రాబట్టుకోవడం పట్టణంలో కల్ల. అదే డబ్బును, కరెంటుతో బయటి వేడిని ఇంట్లోకి చేర్చే హీట్ పంపు వైపు పెడితే ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో దానికి 2023 అక్టోబరు నుంచి ప్రభుత్వం 7,500 పౌండ్ల సాయం ఇస్తోంది. బిగువుగా కట్టిన ఇల్లు హీట్ పంపుకు ఎంత అనుకూలమో, స్టవ్‌కు అంత ప్రతికూలం.

మూడో వాదం అన్నిటికన్నా బలమైనది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. కరెంటు పోతే? 2021 నవంబరు చివర ఆర్వెన్ తుపాను స్కాట్లాండ్, ఉత్తర ఇంగ్లండ్‌లను కుదిపేసినప్పుడు దాదాపు పది లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, కొన్ని వేల ఇళ్లకు వారం దాటినా రాలేదు. బాయిలర్ నడవాలన్నా కరెంటు కావాలి. ఆ వారం ఉత్తరాది పల్లెల్లో కట్టెల స్టవ్ ఉన్నవాళ్లకే వెచ్చదనం, వేడినీళ్లు. స్కాట్లాండ్ ప్రభుత్వం 2024 ఏప్రిల్ నుంచి కొత్త ఇళ్లలో కట్టెల స్టవ్‌లను దాదాపుగా నిషేధించినప్పుడు పల్లె ప్రాంతాలు, ద్వీపాల ప్రజలు ఈ అనుభవంతోనే గట్టిగా ఎదిరించారు. ప్రభుత్వం దిగివచ్చి 2025 జనవరి నుంచి ఆ నిబంధనను సడలించింది. వాళ్ల వాదన న్యాయమైనది. గ్యాసు గొట్టం రాని, తుపానుకు తీగలు తెగే, పక్కిల్లు కేక వేసినా వినిపించనంత దూరంలో ఉండే ఇంటికి కట్టెల స్టవ్ అవసరం. కానీ ఆ న్యాయాన్ని తెచ్చి పట్టణపు కాలనీకి అంటగట్టకూడదు. ఏడాదిలో ఒకటి రెండు గంటలు కరెంటు పోయే చోట, ఆ రెండు గంటల కోసం ప్రతి శీతాకాలపు సాయంత్రమూ వీధికి పొగ పట్టించడం భద్రత పేరుతో చెప్పే సాకు అవుతుంది.

పొగగొట్టం పొగ సమస్యను తీర్చేస్తుందన్న నమ్మకాన్ని మన నేల ఇంతకు ముందే పరీక్షించింది. చిమ్నీ లేని ఇళ్లలో పొయ్యి పొగతో ఆడవాళ్ల కళ్లూ ఊపిరీ పాడవుతున్నాయని, హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు మట్టితోనే కట్టుకోగల పొగగొట్టం పొయ్యిని రూపొందించి, 1953లో దాని మీద పుస్తకం కూడా రాశారు. గొప్ప ప్రయత్నం అది. 1980ల నుంచి 2002 దాకా కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిలను దేశమంతటా మూడు కోట్లకు పైగా పెట్టించింది. ఆ తరవాత ఒడిశాలో ఇలాంటి పొయ్యిల వాడకాన్ని సుమారు 2,600 కుటుంబాల్లో నాలుగేళ్ల దాకా గమనించిన ఆర్థికవేత్తలు రీమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్‌లకు కనబడింది ఏమిటంటే, మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది, తరవాత ఆ తేడా పోయింది. గొట్టాలు తుడవడం, పగుళ్లు పూడ్చడం జరగలేదు, వాడకమే తగ్గిపోయింది. గొట్టం ఒకసారి బిగించి మరిచిపోయే వస్తువు కాదని, ఏళ్ల తరబడి శ్రద్ధ అడుగుతుందని అది చెప్పిన పాఠం. చివరికి మన వంటిళ్లను మార్చింది మెరుగైన పొగగొట్టం కాదు, గ్యాసు సిలిండర్. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో పదింట తొమ్మిది వంతులకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో ఐదింట నాలుగు వంతులకు పైగా ఇళ్లు శుభ్రమైన ఇంధనానికి మారాయి. ఇల్లు పొగ నుంచి బయటపడడానికి ఇన్ని దశాబ్దాలు పట్టిన చోటి నుంచి వెళ్లినవాళ్లు, పొగే లేని ఇంట్లోకి దాన్ని కొని తెచ్చుకునే ముందు రెండుసార్లు ఆలోచించాలని అడగడం అన్యాయం కాదు.

నా ఇంట్లో నా ఇష్టం అన్న మాట ఒకటి మిగులుతుంది. నిప్పు చుట్టూ కూర్చోవడంలో ఉన్న సుఖాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, అది మనిషికి ఎంతో పాత సుఖం. కానీ పొగ సరిహద్దు గోడ దగ్గర ఆగదు కాబట్టి ఇది ఒక్క ఇంటి ఇష్టం కాదు. కాబట్టి నిర్ణయం ఇలా ఉండాలని నా వాదన. గ్యాసు లేని, కరెంటు నిలకడ లేని, విడిగా ఉన్న పల్లె ఇంటికి కట్టెల స్టవ్ సరైనదే. అక్కడ గొట్టాన్ని ఇంటి లోపలి నుంచే నిటారుగా పోనివ్వాలి, గదికి సరిపోయే చిన్న స్టవ్ ఎంచుకోవాలి, బయటి గాలిని నేరుగా దానికే ఇవ్వాలి, ఏడాదికి రెండుసార్లు తుడిపించాలి, అలారం బ్యాటరీ చూసుకోవాలి, తేమ కొలవని కట్టె వేయకూడదు. అందులో ఏ ఒక్కటి కుదరకపోయినా మానుకోవాలి. కాలనీలో, మెత్తలు వేసి బిగించిన కొత్త ఇంటికి మాత్రం వద్దు. కప్పుకు కన్నం పెట్టడానికి పోసే డబ్బు ఆ ఇంటిని ఇంకా వెచ్చగా, పొగ లేకుండా ఉంచే పనులకే పెట్టాలి. ప్రభుత్వాలు కూడా గొట్టం సరిగ్గా బిగించారా అని అడగడంతో ఆగకుండా, ఆ ఇంటికి వేరే వేడి ఉందా, పక్కన ఎన్ని ఇళ్లున్నాయి అని అడిగాకే కొత్త స్టవ్‌కు అనుమతి ఇవ్వాలి. చిమ్నీ కట్టకుండా వదిలేసిన ఆ తరం బిల్డర్లు ఖర్చు తగ్గించుకుందామనే వదిలేసి ఉండవచ్చు, అయినా ఆ ఇళ్లలో ఉండేవాళ్లకు దానివల్ల మేలే జరిగింది. ఆ మేలును చేజేతులా పోగొట్టుకోవలసిన అవసరం లేదు.